గొరిల్లా గారింటికి చుట్టపుచూపుగా...

లక్ష రూపాయల పైన చెల్లించి, కొండలెక్కి, బురద తొక్కి వెళ్తే దొరికేది గంటసేపు దర్శనం! ఆ గంటే ఆ కుటుంబాలకు ప్రాణం పోస్తోంది. జాగ్రత్త తప్పితే ఆ గంటే ప్రాణం తియ్యగలదు కూడా!

పురిటింటికి చూడ్డానికి వెళ్ళేటప్పుడు మన పెద్దవాళ్ళు ఎన్ని జాగ్రత్తలు చెప్పేవారో గుర్తుందా? కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే గడప దాటనిచ్చేవారు కాదు. "జలుబు చేసిందా? అయితే గుమ్మంలోంచే చూసి వెళ్ళమ్మా!" అనేవారు. బిడ్డ దగ్గర ఎక్కువసేపు కూర్చోనిచ్చేవారు కాదు. చాదస్తం అని మనం నవ్వుకునేవాళ్ళం.

ఆఫ్రికాలో రువాండా అనే చిన్న దేశం ఉంది. అక్కడ కినిగి అనే ఊళ్ళో రోజూ పొద్దున్న ఏడు గంటలకల్లా సరిగ్గా ఇవే మాటలు వినిపిస్తాయి. "మీలో ఎవరికైనా జలుబుందా? దగ్గుందా? జ్వరంగా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి!" అని గైడ్ అడుగుతాడు. ఎదురుగా ఉన్నవాళ్ళంతా దేశదేశాల నుంచి విమానాల్లో వచ్చినవాళ్ళు. నెలల ముందే డబ్బు కట్టి పర్మిట్లు తీసుకున్నవాళ్ళు. అయినా సరే, ఒంట్లో బాగాలేనివాళ్ళకి ఆ రోజు కొండెక్కే యోగం లేదు.

ఎందుకంత పట్టింపు? వాళ్ళు చూడబోయేది కొండగొరిల్లా కుటుంబాన్ని. ఆ కుటుంబంలో చంటిపిల్లలుంటారు. మన జలుబు వాళ్ళకీ అంటుకుంటుంది. మనకి నాలుగు రోజులు ముక్కు కారించి వదిలేసే రోగం ఆ పసివాళ్ళని పొట్టన పెట్టుకోవచ్చు!

వెయ్యిమంది ఉన్న జాతి

జూలో మనం చూసే గొరిల్లాలు వేరు, ఇవి వేరు. జూల్లో ఉండేవి దాదాపు అన్నీ పల్లపు అడవుల గొరిల్లాలు. కొండగొరిల్లా ప్రపంచంలో ఏ జూలోనూ లేదు. చూడాలంటే మనమే వాటి ఇంటికి వెళ్ళాలి.

ఆ ఇల్లు కూడా పెద్దదేం కాదు. రువాండా, ఉగాండా, కాంగో దేశాలు కలిసేచోట విరుంగా అనే అగ్నిపర్వతాల వరుస ఉంది. దానికి ఉత్తరంగా ఉగాండాలో బ్విండి అనే కీకారణ్యం ఉంది. కొండగొరిల్లాలు బతికేది ఈ రెండు చోట్లే. విరుంగా కొండల్లో 2015-16లో లెక్క తీస్తే 604 తేలాయి. బ్విండి అడవుల్లో 2018లో లెక్క తీస్తే 459. రెండూ కలిపితే 1063. మనవైపు ఓ మోస్తరు పల్లెటూరి జనాభా అంత!

ఇంతేనా అని నిట్టూర్చకండి. 1981లో విరుంగా కొండల్లో మిగిలినవి 254 మాత్రమే. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇక కనిపించవని అప్పట్లో చాలామంది ఆశ వదులుకున్నారు. అలాంటిది రెట్టింపయ్యాయి. 2018లో వీటిని 'అత్యంత ప్రమాదంలో ఉన్న' జాబితా నుంచి ఒక మెట్టు తప్పించి, 'ప్రమాదంలో ఉన్న' జాబితాలోకి మార్చారు. గండం పూర్తిగా గడవలేదుగానీ కొంచెం తేరుకున్నాయన్నమాట.

కొండ మీద వెతుకులాట

గొరిల్లాలకి స్థిరమైన చిరునామా ఉండదు. ఏ రోజుకారోజు ఆకులు మేస్తూ కొత్తచోటికి వెళ్ళి, సాయంత్రానికి ఎక్కడుంటే అక్కడే పడక వేసుకుంటాయి. మరి చూడవచ్చినవాళ్ళు ఎక్కడికని వెళ్ళాలి?

అందుకే ట్రాకర్లుంటారు. వీళ్ళు తెల్లారకముందే బయల్దేరి, నిన్న సాయంత్రం గొరిల్లాలని ఎక్కడ వదిలారో అక్కడికి చేరుకుంటారు. రాత్రి పడుకున్న ఆకుల పడకలు కనిపిస్తాయి. అక్కడినుంచి విరిగిన కొమ్మలూ, తొక్కిన గడ్డీ, తిని పారేసిన తొక్కలూ చూసుకుంటూ ఆచూకీ తీస్తారు. కనిపించగానే వాకీటాకీలో గైడుకి కబురు చెప్తారు.

ఒక్కో కుటుంబాన్ని చూడ్డానికి రోజుకి ఎనిమిది మందినే పంపుతారు. ముందు బంగాళదుంప చేల గట్ల మీదుగా నడక. తర్వాత ఒక రాతిగోడ. ఆ గోడ దాటితే అడవి. వెదురు పొదలు, మోకాలి లోతు బురద, తగిలితే భగ్గుమనే దురదగొండి లాంటి ఆకులు! ముందు నడిచే మనిషి పొడుగాటి కత్తితో దారి చేస్తుంటాడు. అదృష్టం బావుంటే గంటలో చేరుకోవచ్చు. లేకపోతే నాలుగైదు గంటలైనా పట్టవచ్చు.

దగ్గరికి రాగానే సంచులూ, కర్రలూ, తినుబండారాలూ అక్కడే వదిలెయ్యాలి. మూతికి మాస్కు కట్టుకోవాలి. గైడు గొంతు సవరించుకున్నట్టుగా ఒక మూలుగు మూలుగుతాడు. "మేమేలే, భయపడకండి" అని గొరిల్లా భాషలో చెప్పడం అది. పొదల్లోంచి అలాంటి మూలుగే బదులు వస్తుంది. అప్పటినుంచి గడియారం మొదలు. సరిగ్గా ఒక గంట!

ఇంటిపెద్ద ఎదురుగా వస్తే...

మొదట కళ్ళబడేది సాధారణంగా ఇంటిపెద్దే. మగ గొరిల్లాకి పన్నెండేళ్ళు దాటాక వీపు మీది వెంట్రుకలు వెండిలా తెల్లబడతాయి. అందుకే ఆయనగారిని సిల్వర్‌బ్యాక్ అంటారు. బరువు 160 నుంచి 200 కేజీల దాకా ఉంటుంది. ఎప్పుడు లేవాలి, ఎటు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్నీ ఆయన నిర్ణయాలే. రెండు చేతులతో గుండెలు బాదుకున్నాడంటే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

ఒక్కోసారి మనవైపు దూసుకొస్తాడు కూడా. అప్పుడేం చెయ్యాలో గైడు ముందే చెప్పి ఉంటాడు. పరిగెత్తకూడదు. కిందికి వంగి కూర్చుని, తల దించుకుని, కళ్ళల్లోకి చూడకుండా ఉండాలి. 'ఇది మీ ఇల్లే, మేం ఒదిగి ఉంటాం' అని ఒప్పుకోవడమన్నమాట! చాలాసార్లు అది ఉత్త బెదిరింపే. వచ్చినంత వేగంగానూ వెనక్కి తిరిగి, ఆకులు తినడం మొదలెడతాడు.

ఇంత భారీ మనిషీ శాకాహారే! ఆకులు, కాడలు, లేత వెదురు మొలకలు, మన కొత్తిమీర కుటుంబానికే చెందిన అడవి సెలెరీ మొక్క కాడలు, ముళ్ళ మొక్కలు ఇవే ఆయన భోజనం. రోజుకి ఇరవై కేజీల దాకా లాగించేస్తాడు. వీటికి నీళ్ళు తాగే అవసరం కూడా పెద్దగా ఉండదు. పచ్చికూరల్లోనే కావలసిన నీరు దొరుకుతుంది. ఉదయం ఒక విడత భోజనం, మధ్యాహ్నం ఓ కునుకు, మళ్ళీ సాయంత్రం భోజనం. ఆ కునుకు వేళే పిల్లల ఆటవేళ. తల్లులు వెల్లకిలా పడుకుంటే పిల్లలు వాళ్ళ పొట్టల మీద దొర్లుతాయి. తీగలు పట్టుకుని ఊగుతాయి. ఇంటిపెద్ద వీపుని జారుడుబండ చేసుకుంటాయి. అంతటి పెద్దమనిషీ కళ్ళు మూసుకుని సహిస్తాడు!

తల్లి ఒడి, తండ్రి నీడ

ఆడ గొరిల్లా ఎనిమిదిన్నర నెలలు మోస్తుంది. పుట్టిన బిడ్డ రెండు కేజీలుంటుంది. మన పిల్లలకన్నా చిన్నది! మొదటి నెలల్లో బిడ్డకి తల్లిని గట్టిగా పట్టుకునే శక్తి ఉండదు. ఒక చేత్తో బిడ్డని గుండెకి అదుముకుని, మిగిలిన మూడు కాళ్ళ మీదా కొండలెక్కుతుంది తల్లి. కొంచెం ఎదిగాక బిడ్డ వీపెక్కి సవారీ చేస్తుంది. మూడు, నాలుగేళ్ళ దాకా పాలు తాగుతుంది. రాత్రి తల్లి అల్లిన ఆకుల పడకలోనే పడుకుంటుంది. ఆ బిడ్డ ఎదిగేదాకా తల్లి మళ్ళీ కనదు. అంటే కాన్పుకీ కాన్పుకీ నడుమ సుమారు నాలుగేళ్ళు! అందుకే ఒక్క పిల్ల పోయినా ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. కవలలు పుట్టడం మరీ అరుదు. 2004లో సూసా అనే కుటుంబంలో కవలలు పుట్టి ఇద్దరూ బతికితే దేశమంతా సంబరపడింది. వాళ్ళకి పెట్టిన పేర్లకి అర్థం 'ఆనందం', 'బహుమతి'.

ఆడపిల్ల ఎనిమిదేళ్ళు దాటాక పుట్టిల్లు వదిలి వేరే కుటుంబంలో చేరుతుంది. నచ్చకపోతే మరో కుటుంబానికి మారిపోతుంది. ఎంపిక ఆమెదే సుమండీ!

మరి తల్లి చనిపోతే పిల్లల గతేమిటి? ఈ ప్రశ్నకి దొరికిన జవాబు శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరిచింది. 53 ఏళ్ళపాటు రాసిపెట్టిన లెక్కలు తిరగేసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించారు. పాలు మరిచే వయసు వచ్చిన పిల్లలు తల్లి పోయినా మిగతా పిల్లల్లాగే బతికి బట్టకడుతున్నారని తేలింది. కారణం, కుటుంబమంతా చుట్టూ చేరడం. ముఖ్యంగా సిల్వర్‌బ్యాక్ వాళ్ళని చేరదీయడం.

టైటస్ అనే గొరిల్లా కథే ఇందుకు ఉదాహరణ. 1974లో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు వేటగాళ్ళు ఆ కుటుంబ పెద్దని చంపేశారు. తల్లి వేరే కుటుంబంలోకి వెళ్ళిపోయింది. మిగిలిన మగవాళ్ళే వాణ్ణి సాకారు. దిక్కులేనివాడైన ఆ టైటస్ పెద్దవాడై కుటుంబానికి పెద్దయ్యాడు. 2009లో 35 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

అప్పు చేసి వెళ్ళిన ఆడపిల్ల

ఇంత దగ్గరగా వీటి కాపురం సంగతులు మనకెలా తెలిశాయంటారా? అందులో పెద్ద పాత్ర ఒక స్త్రీది.

బయటి ప్రపంచానికి కొండగొరిల్లా పరిచయమైందే తుపాకీ గుండుతో. 1902లో ఫాన్ బెరింగె అనే జర్మన్ సైనికాధికారి సబిన్యో కొండ మీద రెండింటిని కాల్చాడు. ఆయన పేరే ఆ జాతికి శాస్త్రీయ నామంలో నిలిచిపోయింది. చంపినవాడి పేరే పెట్టారు, విచిత్రం కాదూ!

డయాన్ ఫాసీ అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో వికలాంగులైన పిల్లల ఆసుపత్రిలో పనిచేసేది. ఆఫ్రికా చూడాలన్న తపనతో అప్పు చేసి 1963లో వెళ్ళి వచ్చింది. 1967లో విరుంగా కొండల్లో గుడారం వేసుకుని, అక్కడే కరిసోకే అనే పరిశోధన కేంద్రం పెట్టింది. గొరిల్లాల దగ్గరికి ఆమె మనిషిలా నడిచి వెళ్ళలేదు. పాకుతూ వెళ్ళింది. వాటిలాగే మూలుగుతూ, ఆకులు నమిలినట్టు నటిస్తూ, రోజుల తరబడి కూర్చుంది. మూడేళ్ళకి, 1970లో, పీనట్స్ అనే గొరిల్లా చెయ్యి చాచి ఆమె వేళ్ళని తాకింది. ప్రతి గొరిల్లా ముక్కు మీద ముడతలు వేరువేరుగా ఉంటాయనీ, మన వేలిముద్రల్లా వాటితో గుర్తుపట్టవచ్చనీ చెప్పి, ఒక్కొక్కరికీ పేరు పెట్టి రాసుకుంది.

ఒక తమాషా కూడా జరిగింది. పక్ అనే గొరిల్లాని ఆమె మగదనుకుంది. 1978లో ఆ 'మగవాడు' కాస్తా బిడ్డని కన్నాడు! "అలా ఎలా అవుతుంది?" అని విస్తుపోయిన ఆమె మాటే ఆ బిడ్డకి పేరైంది - కాంట్స్‌బీ! ఆ కాంట్స్‌బీ తర్వాత 22 ఏళ్ళపాటు కుటుంబాన్ని ఏలాడు. 2006లో ఆ కుటుంబంలో ఏకంగా 65 మంది ఉన్నారు.

ఆమెకి అందరికన్నా ప్రాణం డిజిట్. 1977 డిసెంబర్ 31న వేటగాళ్ళు కుక్కలతో మీద పడితే, మిగతావాళ్ళు తప్పించుకునేదాకా అడ్డుగా నిలబడి పోరాడి చనిపోయాడు డిజిట్. వాడి తలా, చేతులూ నరుక్కుపోయారు. ఆ రోజుల్లో గొరిల్లా చేతుల్ని యాష్‌ట్రేలుగా కొనుక్కునే విదేశీయులుండేవారు మరి! ఆ తర్వాత ఫాసీ వేటగాళ్ళతో బద్ధశత్రువులా పోరాడింది. 1985 డిసెంబర్‌లో ఆమెని తన గుడిసెలోనే ఎవరో నరికి చంపారు. డిజిట్ పక్కనే ఆమె సమాధి ఉంది.

దోమల మందుకీ గొరిల్లాకీ ఏమిటి సంబంధం?

అడవిలో వేటగాళ్ళే కాదు, అడవి చుట్టూ ఆకలి కూడా ఉంది. గజం భూమి కూడా ఖాళీగా లేని దేశం రువాండా. 1960ల చివర్లో ఆ పార్కులో దాదాపు 40 శాతం నరికేసి పైరెత్రం పూలతోటలు వేశారు. దోమల మందుల్లో, పురుగుల మందుల్లో వాడే పూలవి. ఎక్కడో దేశాల్లో ఇళ్ళల్లో దోమలు పోవడానికి ఇక్కడ గొరిల్లాల ఇల్లు పోయింది! 1979లో మిగిలినదాంట్లోనూ ఒక ముక్క కోసి పశువుల మేతకి ఇవ్వాలనుకున్నారు.

అప్పుడు అక్కడ ఎమీ వెడర్, బిల్ వెబర్ అనే అమెరికన్ భార్యాభర్తలు పనిచేస్తున్నారు. ఆమె గొరిల్లాలేం తింటున్నాయో చూసేది. ఆయన చుట్టుపక్కల రైతులేమంటున్నారో అడిగేవాడు. ఇద్దరూ కలిసి కూర్చుని ఇంటి పద్దు వేసినట్టు లెక్క వేశారు. పశువుల వల్ల వచ్చే రాబడి ఎంత? అడవిని ఉంచి, గొరిల్లాలని చూడవచ్చేవారి దగ్గర డబ్బు తీసుకుంటే వచ్చేదెంత? రెండోదే ఎక్కువ అని తేలింది. ప్రభుత్వం ఒప్పుకుంది. 1979లో చుట్టపుచూపు అలా మొదలైంది. బతికున్న గొరిల్లా వల్లే లాభమని ఊరివాళ్ళకి తెలిసొచ్చింది. 1993లో ఉగాండాలోని బ్విండి కూడా ఇదే దారి పట్టింది.

ఫాసీకి మాత్రం ఇది ససేమిరా ఇష్టం లేదు. మనుషులు దగ్గరవడం గొరిల్లాలకి మంచిది కాదని ఆమె వాదన. ఎవరిది సరైన మాట? చూస్తే ఇద్దరిదీ కొంత కొంత నిజమే!

నమ్మకం ఖరీదు

ఒక కుటుంబం మనుషులకి అలవాటు పడడానికి రెండేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. ట్రాకర్లు రోజూ వెళ్ళి కనిపించాలి. మొదట్లో పారిపోతాయి. తర్వాత బెదిరిస్తాయి. చివరికి 'వీళ్ళ వల్ల హాని లేదులే' అని వదిలేస్తాయి. ఆ నమ్మకం వచ్చాక మనిషంటే బెదురు పోతుంది. వచ్చేవాడు చుట్టమో, శత్రువో వాటికేం తెలుసు?

2007లో కాంగోలో జరిగిన ఘోరం తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. రుగెండో అనే కుటుంబంలో సిల్వర్‌బ్యాక్‌నీ, ఆడ గొరిల్లాలనీ కాల్చి చంపారు. దానికి నెల ముందే చనిపోయిన ఓ తల్లి ఒంటిని కరుచుకుని రెండు నెలల పసిపిల్ల దొరికింది. పేరు ఎన్‌డకాసీ. ఆంద్రే బౌమా అనే గార్డు ఆ రాత్రంతా దాన్ని తన గుండెకి హత్తుకుని వెచ్చగా పడుకోబెట్టుకున్నాడు. మళ్ళీ అడవిలో బతకలేని ఆ పిల్లని అనాథ గొరిల్లాల కేంద్రంలో పెంచారు. 2021 సెప్టెంబర్ 26న, 14 ఏళ్ళ వయసులో, జబ్బుపడి ఆ బౌమా గుండెల మీదే తలపెట్టి కన్నుమూసింది. కడుపున పుట్టకపోయినా బిడ్డ బిడ్డే కదా!

తుపాకీ కన్నా కంటికి కనిపించని శత్రువు రోగం. 1996లో బ్విండిలో గొరిల్లాలకి గజ్జి సోకింది. జుట్టు ఊడిపోయి, ఒక పసిపిల్ల చనిపోయింది. ఉగాండా ప్రభుత్వం నియమించిన మొదటి వన్యప్రాణి వైద్యురాలు గ్లాడిస్ కలెమా-జికుసోకా వెళ్ళి చికిత్స చేసి మిగతావాటిని కాపాడింది. ఆరా తీస్తే, చేలల్లో దిష్టిబొమ్మలకి తొడిగిన మాసిన బట్టలే కారణమై ఉంటాయని తేలింది! ఊళ్ళో ఆరోగ్యం బాగుంటేనే అడవిలో ఆరోగ్యం అని అప్పుడే గ్రహించిందామె. 2003లో ఒక సంస్థ పెట్టి, ఊళ్ళవాళ్ళ చేతనే ఇంటింటికీ శుభ్రత గురించి, క్షయ గురించి, కుటుంబ నియంత్రణ గురించి చెప్పించడం మొదలుపెట్టింది. గొరిల్లా డాక్టరమ్మ ముందు తల్లులకి వైద్యం చెప్పిందన్నమాట!

2009లో రువాండాలో ఒక కుటుంబంలో దాదాపు అందరికీ దగ్గు, రొంప పట్టుకున్నాయి. ఒక తల్లీ, ఒక పసిబిడ్డా చనిపోయారు. పరీక్షిస్తే అది మనుషుల్లో జలుబు తెప్పించే వైరస్సే! అందుకే ఆ మాస్కు, ఆ దూరం, ఆ గంట గడువు.

అలాగని చుట్టాల రాకే ఆపేస్తే? 2020లో కరోనా వచ్చి పార్కులు మూసేశారు. రాబడి ఆగిపోయింది. అదే ఏడాది జూన్‌లో బ్విండిలో రఫికి అనే సిల్వర్‌బ్యాక్ వేటగాడి బల్లేనికి బలైపోయాడు. తను చిన్న జంతువుల వేటకి వెళ్ళానని, గొరిల్లా మీదికి వస్తే పొడిచానని అతడు చెప్పాడు. అతడికి 11 ఏళ్ళ జైలు పడింది. రఫికి అంటే స్వాహిలీ భాషలో 'స్నేహితుడు' అని అర్థం!

డబ్బు ఎవరి ఇంటికి?

రువాండాలో ఒక మనిషికి ఒక్క గంటకి పర్మిట్ ఖరీదు 1500 డాలర్లు. 2017లో ఉన్నపళంగా రెట్టింపు చేశారు. మన లెక్కలో లక్షా ఇరవై వేల పైమాటే. ఉగాండాలో 2024 జూలై నుంచి 800 డాలర్లు.

ఈ డబ్బుతో గార్డుల జీతాలు, గొరిల్లా డాక్టర్ల ఖర్చులు గడుస్తాయి. రువాండాలో పార్కుల రాబడిలో పది శాతం చుట్టుపక్కల ఊళ్ళకి ఇస్తారు. బళ్ళు, ఆసుపత్రులు, మంచినీళ్ళ ట్యాంకులు వచ్చాయి. ఒకప్పుడు ఉచ్చులు పన్నినవాళ్ళే కొందరు ఇవాళ సంచులు మోసే పోర్టర్లుగా పనిచేస్తున్నారు. పోర్టర్లలో ఆడవాళ్ళూ ఉన్నారు.

కానీ ఈ ఇంటి పద్దులో ఒక బాకీ ఇంకా తీరలేదు. బ్విండిని 1991లో జాతీయ పార్కు చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవినే నమ్ముకున్న బత్వా అనే గిరిజనులని బయటికి పంపేశారు. భూమీ లేదు, అడవీ లేదు. గొరిల్లాల గూడు నిలిచిందిగానీ వాళ్ళ గూడు చెదిరింది. అక్కడికి వెళ్ళే చుట్టాలు ఇది కూడా తెలుసుకునే వెళ్ళాలి.

బారసాలకి ఊరంతా!

రువాండాలో బిడ్డ పుడితే బంధుమిత్రులని పిలిచి పేరు పెట్టే ఆచారం ఉంది. అచ్చం మన బారసాలే! 2005 నుంచి ఏటా గొరిల్లా పిల్లలకి కూడా ఈ వేడుక చేస్తున్నారు. పేరు 'క్వితా ఇజినా'. అంటే నామకరణం. కొండ దిగువన వేలాదిమంది చేరతారు. పాటలు, నృత్యాలు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి ఒక్కొక్కరికీ పేరు పెడతారు. పేరున్న బిడ్డ పోతే ఊరికే తెలుస్తుంది. పేరున్న బిడ్డని లెక్కలోంచి తీసెయ్యడం అంత తేలిక కాదు కదా!

ఆ పిల్లలు కూడా తక్కువవాళ్ళేం కాదు. 2012లో ఒక పిల్ల గొరిల్లా ఉచ్చులో పడి గాయాలతో చనిపోయింది. కొన్ని రోజులకే అదే కుటుంబంలో నాలుగేళ్ళ వయసున్న ఇద్దరు పిల్లలు, ర్వెమా, డుకోరే అనేవాళ్ళు, ఒక ఉచ్చు దగ్గరికి పరుగెత్తారు. ఒకరు వంచిన కొమ్మ ఎక్కి విరిచారు, ఇంకొకరు తాడు ముడి విప్పేశారు. పక్కనే ఇంకొకటి కనిపిస్తే దాన్నీ తీసిపారేశారు! చూస్తున్న ట్రాకర్లు నోరెళ్ళబెట్టారు.

వెళ్ళాలనుకుంటే...

* పదిహేనేళ్ళు నిండనివాళ్ళని అనుమతించరు.
* పర్మిట్ నెలల ముందే తీసుకోవాలి. వానలు తక్కువగా ఉండే జూన్ - సెప్టెంబర్, డిసెంబర్ - ఫిబ్రవరి నెలలు నడకకి అనుకూలం.
* యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, సర్టిఫికెట్ దగ్గరుంచుకోవాలి. ఉగాండా నుంచి అది లేకుండా తిరిగొస్తే మనదేశంలో దిగగానే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐ.పి.ఎం.లో ఈ టీకా వేస్తారు.
* పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, పట్టున్న బూట్లు, వానకోటు, ముళ్ళకీ దురదకీ చేతులకి గ్లోవ్స్ ఉండాలి. ఇక్కడ చీరతో కుదరదు!
* పది మీటర్ల దూరం పాటించాలి. పిల్ల గొరిల్లా దగ్గరికొచ్చినా ముట్టుకోకూడదు, మనమే వెనక్కి జరగాలి. ఫ్లాష్ వెయ్యకూడదు. తుమ్ము వస్తే పక్కకి తిరిగి మోచేతిలో తుమ్మాలి.
* నడవలేని పెద్దవాళ్ళని శబరిమల డోలీలాంటి కుర్చీలో మోసుకెళ్ళే ఏర్పాటు కూడా ఉంది.
* కాంగో వైపు గొడవలు తరచుగా జరుగుతుంటాయి. అడవిని కాపాడుతూ ఆ పార్కులో ఇప్పటిదాకా 200 మందికి పైగా గార్డులు ప్రాణాలు కోల్పోయారు. పరిస్థితి తెలుసుకోకుండా అటు వెళ్ళకూడదు.

గంట అయిపోయింది!

గైడు వాచీ చూసుకుని చెయ్యి ఊపుతాడు. ఎదురుగా ఒక తల్లి బిడ్డ తలలో ఏరుతూ ఉంటుంది. బిడ్డ పాలు తాగుతూ తాగుతూ కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇంకో అయిదు నిమిషాలుంటే బావుణ్ణు అని ఎవరికుండదు? అయినా లేచి రావలసిందే.

మనలో ఎంతమందికి ఆ కొండ ఎక్కే వీలుంటుందో గానీ, ఆ మర్యాద మాత్రం మనకి కొత్తది కాదు. చంటిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే కడుక్కుని వెళ్ళాలి, దూరంగా కూర్చోవాలి, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, బిడ్డకి నిద్రవేళ అయితే లేచి వచ్చెయ్యాలి. మన అమ్మమ్మలు గుమ్మంలో నిలబడి చెప్పిన మాటలే ఇవాళ వెయ్యి ప్రాణాలని కాపాడుతున్నాయంటే, వాళ్ళది చాదస్తమని ఇంకా అనగలమా?